నీళ్ళకు లొంగే గాజు

వారం కిందట మనం ఆ ఇంటి గడప దాటి బయటికి వచ్చేసరికి పెద్దకోడలు కొలిమి ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. చిన్నకోడలు క్రిముల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మామగారి కాలి ఎముకలో పెట్టాల్సిన గాజు ముక్క పరీక్షలో తప్పింది. ఆపరేషను శనివారం. ముక్క లేకపోతే డాక్టరమ్మకు మిగిలింది ఒకటే దారి. మోకాలి కింద కాలు తీసెయ్యడం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. మామగారు కొలిమి మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది గానీ లోపల చీము పట్టింది. మందులు మింగారు. సూదులు పొడిపించుకున్నారు. క్రిములు ఎముకలో కాపురం పెట్టేశాయి. అద్దె ఇవ్వవు, ఖాళీ చెయ్యవు. డాక్టరమ్మ ఆ చెడిన భాగాన్ని గీకేసి, ఆ గుంటలో గాజు ముక్క కూర్చుతానంది. మామూలు గాజు కాదు. ఎముకలో ఉండే సున్నం, భాస్వరం కలిపి, చిటికెడు వెండి చేర్చి కరిగించినది. ముందు గాజులాగే అచ్చులో పోస్తారు. తర్వాత మళ్ళీ నిదానంగా కాలుస్తారు. అప్పుడు లోపల సన్నటి పలుకులు కట్టి, గాజుకీ పింగాణీకీ మధ్యరకంగా గట్టిపడుతుంది. వెండి క్రిముల పని చూసుకుంటుంది. ఎముక ముక్కను పట్టుకుని పెరుగుతుంది.

అలాంటి ముక్కలు ఆ ఇంట్లోనే తయారవుతాయి. ఒకప్పుడు మామగారు సీసాలు పోసిన కొలిమి అది. ఇప్పుడు పెద్దకొడుకు అచ్చులు చెక్కుతాడు, పెద్దకోడలు కరిగించి పోస్తుంది. చిన్నకోడలు క్రిముల చదువు చదువుకుని వచ్చింది కనక పరీక్షలు ఆమెవి. చిన్నకొడుక్కి ఇవేవీ పట్టవు. అతను బ్యాంకులో కూర్చుంటాడు.

పరీక్ష ఏమంత పెద్ద విషయం కాదు. గాజు పళ్ళెంలో పలచగా జిగురులాంటి మేత పరిచి దాని మీద క్రిముల్ని చల్లుతారు. ముక్కతోపాటు పోసిన చిన్న బిళ్ళను మధ్యలో పెడతారు. తెల్లారేసరికి పళ్ళెమంతా క్రిములు మసకగా పెరుగుతాయి. వెండి పనిచేస్తే బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ పెరగక గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. మామగారి ముక్క తాలూకు బిళ్ళల చుట్టూ ఆ ఖాళీ రాలేదు. క్రిములు అంచుదాకా వచ్చి, బిళ్ళను ఆనుకుని, చుట్టపుచూపుకు వచ్చినట్టు కూర్చున్నాయి.

"ఎక్కువ కాల్చేశావక్కా. వెండి లోపలే బిగుసుకుపోయింది" అంది చిన్నకోడలు. ఆ మాటతోనే అక్క నోరు మూతపడింది.

*

బుధవారం ఉదయం పెద్దకోడలు పట్టకారు తుడుస్తోంది. తుడవాల్సినంత మురికి దానికి లేదు. చేతులు ఊరికే ఉండలేక తుడుస్తోంది. చిన్నకోడలు రెండు టీ గ్లాసులు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మూత పెట్టిన గాజు పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"అక్కా, టీ."

పట్టకారు ఆగలేదు.

"అక్కా, నిన్నే."

"అక్కడ పెట్టు."

"పెడతాను గానీ ముందు ఇది చూడు. చూశాక తిట్టుకో."

"నేనెవర్నీ తిట్టను. ఎక్కువ కాల్చేదాన్ని. ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు."

చిన్నకోడలు గ్లాసులు బల్ల మీద పెట్టి, పళ్ళాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. పెద్దకోడలు చూడకూడదనుకుంటూనే చూసింది. పళ్ళెమంతా మసక. మధ్యలో చిన్న బిళ్ళ. బిళ్ళ చుట్టూ తుడిచేసినట్టు గుండ్రటి ఖాళీ. ముగ్గు గిన్నె బోర్లించి గీసినంత చక్కగా ఉంది.

"ఇదెక్కడిది?"

"నీ ఏప్రను జేబులోది. నిన్న పొద్దున కొక్కేనికి తగిలిస్తుంటే కింద పడింది. మామయ్య ముక్కతోపాటు పోసిన బిళ్ళే. వెలుగులో రంగు చూద్దామని పక్కకి తీసుకుని జేబులో వేసుకుని మర్చిపోయినట్టున్నావు."

పెద్దకోడలికి గుర్తొచ్చింది. రంగు చూడబోతుంటే గ్యాసు సిలిండరు బండి వచ్చింది. చేతిలో ఉన్న బిళ్ళలు జేబులోకి పోయాయి.

"గాజు కరిగించిన అదే మూసలోంచి, అదే కొలిమిలో, అదే మంట మీద కాలిన బిళ్ళ. చక్కగా చంపింది. నీ మంట సరిగ్గానే ఉందక్కా. నేనే నోరు జారాను."

"జారడం కాదు. పారేసుకున్నావు."

"సరే, పారేసుకున్నాను. కనబడితే ఏరిపెట్టు, మళ్ళీ కావాలి."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. టీ గ్లాసు తీసుకుంది. అది చల్లారిపోయింది. అయినా వారం రోజుల్లో అంత రుచిగా ఆమె ఏదీ తాగలేదు. తోడికోడలు కూడా తన గ్లాసు పట్టుకుని కొలిమి మెట్టు మీద చతికిలబడింది. ఇద్దరూ కలిసి తాగారు. బాగుంది.

టీ అయిపోయాక పెద్దకోడలే అడిగింది.

"మరి ఆ మిగతావాటికి ఏం రోగం?"

"అదే నాకూ తెలీడం లేదు. జేబులో ఉన్నది పనిచేసింది. ట్రేలో ఉన్నవి పనిచెయ్యలేదు."

"ట్రేకి ఏమయిందో చూద్దాం పద."

సాన పట్టిన ముక్కల్ని స్పిరిట్‌లో ఒక్కసారి ముంచి తీసి, ట్రేలో పేర్చి, ఆరబెట్టే బీరువాలో పెట్టడం ఆ ఇంటి పద్ధతి. నీళ్ళు తగలనివ్వరు. పెద్దకోడలు బీరువా తెరిచి ట్రే బయటికి లాగింది. మామగారి ముక్క మధ్యలో ఉంది. చిటికెన వేలంత పొడుగు, ఒక పక్క కాస్త వంపు. కొలిమిలోంచి తీసినప్పుడు లేత పసుపులో మెరిసింది. ఇప్పుడు అద్దం మీద ఊపిరి ఊదినట్టు తెల్లగా మందగించి ఉంది. బొటనవేలితో రాసి చూసింది. జారలేదు. సుద్దముక్కలా పట్టుకుంది.

"వాసన చూడు" అంది.

చిన్నకోడలు ముక్కు దగ్గర పెట్టుకుంది. "స్పిరిట్ వాసన లేదే."

"బట్టల సోడా వాసన."

కడుగుడు గదిలోకి వెళ్ళి చూస్తే పెద్ద స్టీలు గిన్నె చట్రం మీద బోర్లించి ఉంది. ఆ గిన్నెతో వాళ్ళిద్దరికీ పని పడలేదు. అడుగున తెల్లటి తెట్టు. పక్కన సీసాలు తోమే పొడుగు బ్రష్షు గోడకి ఆనించి ఉంది. కుచ్చుకీ అదే తెట్టు.

సీసాలు పోయడం మానేసి ఏళ్ళయింది. ఆ బ్రష్షు పట్టుకునే చెయ్యి ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కటే.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కగదిలోంచి కాగితంతో అద్దం తుడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

*

మామగారు చక్రాల కుర్చీలో కిటికీ పక్కన ఉన్నారు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, చెయ్యి అందినంత మేర కిటికీ అద్దాన్ని పాత పేపరుతో తుడుస్తున్నారు. అందినంత మేరా అద్దం ఉందో లేదో తెలియనట్టుంది. అందని చోట దుమ్ము. ఆ రెంటికీ మధ్య గీత గీసినట్టు కనబడుతోంది.

"మామయ్యా, ఆరబెట్టే బీరువా తెరిచారా?"

"ఏ బీరువా?"

"ఇంట్లో ఒకటే ఉంది."

"నా కాల్లో పెట్టేది నేను చూసుకోకూడదా ఏం?"

"చూడ్డమేనా?"

పేపరు ఆగింది. "చూశాను. స్పిరిట్ కంపు కొట్టింది. మీరు కడిగిన కడుగుడుకి నాకే సిగ్గేసింది. ఈ కొలిమిలోంచి వెళ్ళిన సీసా ఏదైనా సరే, వేలు పెట్టి రుద్దితే కీచుమని అరవాలి. నీ ముక్క అరవలేదమ్మాయ్. కిక్కురుమనలేదు."

"అందుకని?"

"అందుకని సోడా వేసి మరగబెట్టాను. ఆ వేడినీళ్ళలోనే వదిలేసి మర్నాడు తీశాను. తోమాను. బిళ్ళల్ని కూడా వదల్లేదు. మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మిమ్మల్ని లేపడం ఎందుకని నా పాటికి నేను చేసుకున్నాను. అయినా అరవలేదు. ఏం గాజమ్మా అది? బొత్తిగా మూగది."

చిన్నకోడలు గోడకి జారబడింది. "మామయ్యా! ఆ నీళ్ళేం చేశారు?"

"పూలకుండీలో పోశాను. ఏం?"

"ఏం లేదు. మీ కాల్లోకి వెళ్ళాల్సిన వెండి కుండీలోకి వెళ్ళింది. ఆ మొక్క మనందరికంటే ఆరోగ్యంగా ఉంటుంది ఇక."

"ఏంటీ క్రిములమ్మా, తిన్నగా చెప్పు." చిన్నకోడల్ని ఆయన అలాగే పిలుస్తారు. ప్రేమ ఎక్కువైనప్పుడూ, కోపం ఎక్కువైనప్పుడూ కూడా.

పెద్దకోడలు స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మామయ్యా, ఆ గాజు నీళ్ళలో కరుగుతుంది."

ఆయన పేపరును మడిచారు. మడిచినదాన్ని మళ్ళీ మడిచారు.

"గాజు నీళ్ళలో కరుగుతుందా?"

"కరుగుతుంది. నెమ్మదిగా. దాన్ని చేసిందే కరగడానికి. కరుగుతూ కొంచెం కొంచెంగా వెండిని వదలాలి. మీరు సోడానీళ్ళలో మరగబెట్టేసరికి పైనున్న వెండి అంతా అక్కడే వదిలేసింది."

"నువ్వు కూడా ఇలా మాట్లాడతావా?" అన్నారు మామగారు. కోపంగా అనలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది.

ఆమె ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన యాసిడ్ సీసాలు పోసేవారు. కొత్త మిశ్రమం కలిపినప్పుడల్లా ఒక సీసాలో నీళ్ళు నింపి, బిరడా బిగించి, పిట్టగోడ మీద ఎండలో పెట్టేవారు. ఎండాకాలం పోయి వానలు వచ్చాక బిరడా తీసి ఆ నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి చూసేవారు. నీళ్ళు నీళ్ళలాగే ఉంటే సరే. కాస్త జారుడుగా, కాస్త ఉప్పగా తగిలినా ఆ మిశ్రమంతో పోసిన సీసాలన్నీ బద్దలుకొట్టించేవారు. నీళ్ళకి లొంగింది గాజే కాదనేవారు. ఆ మాట విని విని ఆమెకూ అదే నిజమని పట్టేసింది. ఎముకల గాజు పని మొదలెట్టాక దాన్ని వదిలించుకోడానికి ఆమెకూ చాలాకాలం పట్టింది. ఆయనతో మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన ముందే గంటలకొద్దీ ఆ ముక్క గురించి మాట్లాడుకున్నారు గానీ, ఆయనతో ఒక్కమాట మాట్లాడలేదు. ఎముకలో పెట్టే గాజు అంటే అన్ని గాజుల్లోకీ గట్టి గాజని ఆయన అనుకుంటూ కూర్చున్నారు.

"నీళ్ళలో కరిగేదాన్ని నా కాల్లో పెడతారా? ఒంట్లో ఉన్నవన్నీ నీళ్ళేగా! దానికంటే ఉప్పుగల్లు పెట్టండి. చవకలో అయిపోతుంది."

"మామయ్యా..."

"నాకొద్దు. డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పు. కాలు తీసెయ్యమను. కుర్చీ ఎలాగూ ఉంది. నాలుగు చక్రాలున్నవాడికి కాలెందుకు?"

"అంత పంతమా?"

"పంతం కాదు. యాభై ఏళ్ళు నేను పగలగొట్టించిన సరుకు అది. దాన్ని ఒంట్లో పెట్టుకుని తిరగమంటావా?"

చిన్నకోడలు ఏదో చెప్పబోయింది. పెద్దకోడలు చేత్తో ఆగమని, లేచి వెళ్ళి ట్రే తెచ్చింది. క్రిముల పళ్ళెం కోసం తీసినది కాక, ఏప్రను జేబులో చెయ్యి పెడితే అడుగున ఇంకో బిళ్ళ దొరికింది. దాన్ని ఆయన ఎడమ అరచేతిలో పెట్టింది. సోడాలో మరిగిన ముక్కను కుడి అరచేతిలో పెట్టింది.

"వేలితో చూడండి. మీకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆయన మొహం తిప్పుకునే బొటనవేలు ఆడించారు. అలవాటైన వేలు, ఆగమంటే ఆగదు.

"ఇది నున్నగా ఉంది. ఇది గరుకుగా ఉంది. సోడా తెట్టు కట్టింది. ఇంకోసారి తోమితే పోతుంది."

"తోమండి."

చిన్నకోడలు బ్రష్షు తెచ్చిచ్చింది. ఆయన తోమారు. పోలేదు. గోటితో గీకారు. గోరు అరిగింది గానీ తెలుపు పోలేదు. చొక్కా జేబులోంచి చిన్న ఆకురాయి తీసి అంచు మీద మెల్లగా రాసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని దగ్గరగా పెట్టుకుని చూశారు.

"పైన అంటుకున్నట్టు లేదే ఇది" అన్నారు చివరికి. "లోపల్నించి పుట్టినట్టుంది."

"లోపల్నించే పుట్టింది" అంది చిన్నకోడలు. "గాజు కాస్త కరిగింది. కరిగిన సున్నం, భాస్వరం మళ్ళీ దాని మీదే పేరుకుని పొర కట్టాయి. మన ఎముక కూడా దాదాపు దాంతోనే కట్టింది మామయ్యా. మీరు సోడా వేశారు కనక పొర కాస్త మొరటుగా వచ్చింది. ఒంట్లో అయితే ఇంకా ఒద్దికగా కడుతుంది. పక్కనున్న ఎముక వచ్చి ఈ పొరను తడిమి చూస్తుంది. పరాయిది కాదు, మనదే అనుకుంటుంది. అనుకుని అల్లుకుంటుంది."

"గాజుని చూసి ఎముక మనదే అనుకుంటుందా?"

"అనుకుంటుంది. మీరు నన్ను అనుకోలేదూ?"

ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు అని చెప్పలేం. నవ్వుకి తమ్ముడి వరస. ముక్కను అరచేతిలో అటూ ఇటూ దొర్లించారు. చాలాసేపు దొర్లించారు. పెద్దకోడలు ఆయన చేతుల్నే చూస్తోంది. ఆ చేతులు ఏం చెప్తే అదే జరుగుతుందని ఆమెకు తెలుసు. నోటి మాట తర్వాతెప్పుడో వస్తుంది.

"సీసా అయితే లోపల పోసినదాన్ని దాచిపెట్టాలి" అన్నారు. "ఇది లోపలున్నది ఇచ్చెయ్యాలి. అంతేనా?"

"అంతే."

"ఇచ్చి ఇచ్చి తను లేకుండా పోతుంది."

"అవును మామయ్యా."

"అప్పుడు ఆ చోట ఏముంటుంది?"

"మీ ఎముక."

ఆయన ముక్కను ట్రేలో పెట్టారు. పడెయ్యలేదు. మెల్లగా పెట్టారు.

"ఇంత చిన్నమాట చెప్పడానికి మీ ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదా? ఒకత్తేమో మూడు రోజులకోసారి నోరు తెరుస్తుంది. ఇంకొకత్తి మూసిందే లేదు. ఇద్దరిలోంచీ నాకు దక్కింది మాత్రం సున్నా."

"తప్పయింది మామయ్యా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"తప్పులు తర్వాత. పోసేది ఇంకోటి ఉందా, లేదా?"

*

ఉంది. వెండి కలిపిన మిశ్రమం పొట్లాలుగా కట్టి వస్తుంది. ఒక పొట్లానికి ఒక ముక్క, కాసిని పరీక్ష బిళ్ళలు. ఈసారి రెండు పొట్లాలు వచ్చాయి. ఒకటి మామగారు కుండీలో పోశారు. రెండోది బీరువా పై అరలో ఉంది. ముందుజాగ్రత్తకి మామగారే పట్టుబట్టి తెప్పించారని పెద్దకోడలు అనుకుంది. మళ్ళీ సరుకు వచ్చేది వచ్చే నెలే.

పెద్దకోడలు డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పింది.

"కడిగిందెవరు?" అందావిడ.

"పేషెంటేనండి."

అవతల నవ్వు వినబడింది. "కాలు కింద పెట్టకుండా మంచం మీద ఉండమన్నాను కదమ్మా ఆయన్ని."

"కాలు కింద పెట్టలేదండి. కుర్చీలో వెళ్ళి కడిగారు."

"సరే. శుక్రవారానికి పరీక్ష అయి ముక్క నా చేతికి వస్తే శనివారం మాట శనివారమే. ఈసారి ఆ ట్రేకి తాళం వెయ్యండి."

కొలిమి వెలిగింది. ఆ ఇంటికి కొలిమి చప్పుడు వినబడితే ఊపిరి ఆడినట్టు ఉంటుంది. తలుపులు కొద్దిగా అదురుతాయి. గిన్నెలు అరల్లో సన్నగా మోగుతాయి. పెద్దకోడలు పొట్లం విప్పి మూసలోకి వంచింది. వేలు తడి చేసుకుని పొట్లం కాగితం మీద మిగిలినదాన్ని కూడా ఒడుపుగా దులిపింది. మూసను పట్టకారుతో లోపలికి దింపి, మంట పెంచింది.

మామగారు కుర్చీ తోసుకుంటూ వచ్చి గోడవార ఆగారు. కాలు విరిగాక ఆయన కొలిమి గదిలోకి రావడం అదే మొదలు. ఎవరూ ఆ సంగతి పైకి అనలేదు. పెద్దకొడుకు మూల బల్ల దగ్గర అచ్చును నున్నగా రాస్తున్నాడు. ఆయన్ని చూసి తల వంచుకుని ఇంకా గట్టిగా రాశాడు.

మంట రంగు మారింది. మామగారు గొంతు సవరించుకున్నారు. "గ్యాసు కాస్త..."

ఆమె అప్పటికే తగ్గించింది.

"చెప్పకముందే చేస్తే నేనెందుకు ఇక్కడ?"

"చూడ్డానికి మామయ్యా."

"ఊఁ. చూస్తాను."

చూశారు. చిన్నకోడలు అందరికీ మళ్ళీ టీ తెచ్చింది. ఈసారి వేడిగా ఉంది. కొలిమి వేడికి నుదుటి మీద చెమట పోస్తుంటే పెద్దకోడలు ఏప్రను అంచుతో తుడుచుకుంది. ఆయన ఆమెను నోరారా మెచ్చుకున్నది ఇన్నేళ్ళలో ఒక్కసారే. అది కూడా చుట్టాలతో అంటుంటే చాటు నుంచి విన్నది. ఇవాళ ఆయన నోరెత్తి ఏమీ అననక్కర్లేదనిపించింది. మంట ఆమె మాట వింటోంది. ఆయన ఆ మంట వింటున్నారు.

"ఒక పొట్లంలో రెండు ముక్కలు రావూ?" అన్నారాయన ఉన్నట్టుండి.

"రావు మామయ్యా. ఒకటే. సన్నగా పోస్తే పగులుతాయి."

"వచ్చే నెల దాకా ఇంకో పొట్లం రాదు."

"రాదు. ఇవాళ ఇది చాలుగా మనకి?"

ఆయన కొడుకు వైపు చూశారు. పెద్దకొడుకు రాపిడి ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

మూసలో బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చి విచ్చుకుపోయాయి. గాజు తేరుకుంది. పాకం తేరుకున్నట్టు నున్నగా, నిండుగా, తెల్లటి వెలుగుతో నిలిచింది. ఇక ఆలస్యం చెయ్యకూడదు. పెద్దకోడలు తోలు తొడుగులు వేసుకుని, కళ్ళజోడు దించుకుని, పట్టకారుతో మూసను పట్టి బయటికి ఎత్తింది. పొయ్యడానికి బల్ల వైపు తిరిగింది.

వేడి పలక మీద రెండు అచ్చులున్నాయి.

ఒకటి మామగారిది. ఆ వంపు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. రెండోది కాస్త సన్నం, కాస్త పొడుగు.

"ఏవండీ, ఇదేంటి?"

పెద్దకొడుకు చేతులు దులుపుకున్నాడు. "నాన్నని అడుగు."

"మామయ్యా?"

"కట్లు మార్చే గదిలో నా పక్క బెంచీ మీద ఒకావిడ కూర్చుంటుంది" అన్నారు మామగారు. "ఉత్తరాలు పంచే ఆవిడ. సైకిలు మీంచి పడింది. నా పురుగే ఆవిడ ఎముకలో కూడా ఉంది. మా ఇంట్లో ఎముకల గాజు పోస్తారమ్మా, నీకూ ఒకటి పోయిస్తానని మాటిచ్చాను. డాక్టరమ్మ కొలతలిచ్చింది. వీడు పోయిన వారమే అచ్చు చెక్కాడు. రెండో పొట్లం ఆవిడదమ్మాయ్. ముందుజాగ్రత్తకి తెప్పించింది కాదు."

మూస బరువుకి ఆమె మణికట్లు లాగుతున్నాయి. "నాకు చెప్పలేదే!"

"నాది అయ్యాక చెబుదామనుకున్నాను. అది ఇలా కరుగుతుందని నాకేం తెలుసు? ఆవిడకి ముక్క వస్తే డాక్టరమ్మ ఆగుతుంది. రాకపోతే సోమవారం కాలు తీసేస్తారు."

"మరి మీకు?"

"నాకూ అంతే."

చిన్నకోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు ఎవరి వైపూ చూడ్డం లేదు.

"నాది నేను చేజేతులా కడిగేసుకున్నాను" అన్నారు మామగారు. గొంతు మామూలుగానే ఉంది. మంట తగ్గించమన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. "నేను కడిగినదానికి ఆవిడ కాలెందుకు పోవాలి? ఆవిడ ఇల్లిల్లూ తిరిగి బతకాలి. నేను ఈ గోడవార కూర్చుంటే చాలు. సన్నం అచ్చులో పొయ్యి."

"నాన్నా, శనివారం నీ..." అన్నాడు పెద్దకొడుకు.

"నువ్వుండు. మూస పట్టుకున్నది అది. పోసేది అది."

మూస అంచు ఎరుపు తిరిగింది. గాజు మీద సన్నటి పొర లేచి, ముడత పడడం మొదలైంది. ఇంకో నాలుగు ఊపిర్లు దాటితే అది ఏ అచ్చులోకీ దిగదు. పలక మీద రెండు అచ్చులూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

పెద్దకోడలు ఒక్కసారి మామగారి కాలి వైపు చూసింది. తర్వాత మూస వంచింది. ఏ అచ్చులోకో వచ్చే వారం చూద్దాం.